వృషణములలోని సున్నపు రేణువులు - భయమెంత, జాగ్రత్తయెంత



పల్లెలో ఒకనికి జ్వరము వచ్చినచో ఇరుగుపొరుగువారు వచ్చి పరామర్శింతురు. కంటికి శుక్లము క్రమ్మినను, కాలు విరిగినను నలుగురిలో చెప్పుకొనుటకు ఎవ్వరును సంకోచింపరు. వ్యాధి వృషణములకు సంబంధించినదైనచో మాత్రము ఆ మాట కట్టుకొన్న భార్యతోనైనను చెప్పక లోలోన కుములువారు పెక్కురు. శరీరమున ఈ అవయవము చేసిన అపరాధ మేమియు లేదు. వంశము నిలుపునట్టిది ఇదియే. అయినను దానిని గూర్చి మాటలాడుట సిగ్గుమాలినతనమని లోకము తలచును. ఆ మౌనము వలన రెండు విధములైన నష్టములు కలుగుచున్నవి. అక్కరలేని చోట భయము పెరుగుచున్నది. భయపడవలసిన చోట కాలము జారిపోవుచున్నది. ఈ ప్రసంగము ఆ రెండింటిని గూర్చినది.

పూర్వము ఈ చిక్కు లేదు. ఇప్పుడు ప్రతి పట్టణమునను స్కానింగు కేంద్రములు వెలసినవి. వరిబీజమనియో, నొప్పి యనియో, సంతానము లేదనియో ఒక యువకుడు వైద్యుని యొద్దకు పోవును. వైద్యుడు స్కానింగు వ్రాయును. మరునాడు చేతికి వచ్చిన కాగితమున, వచ్చిన బాధకు సంబంధించిన సంగతులతో పాటు, అడుగున ఒక పంక్తి యుండును: 'వృషణములలో మైక్రోలిథియాసిస్ కలదు' అని. ఆ మాటను చేతిలోని ఫోనునందు వెదకినంతనే దాని ప్రక్కన 'క్యాన్సరు' అను మాట కనబడును. ఆనాటి నుండి ఆ యువకునికి నిద్ర లేదు. పెండ్లి కావలసినవాడైనచో పెండ్లి మాట తలపెట్టడు. కావున ఆ పంక్తికి సరియైన అర్థమేమో తెలిసికొనుట అవసరము.

మొదట అవయవ నిర్మాణము. వృషణము పైకి ఒక చిన్న గుడ్డువలె కనబడినను, లోపల అది దారపుటుండ వంటిది. వెండ్రుకవలె సన్నని గొట్టములు వందలకొలది అందు చుట్టలు చుట్టుకొని యుండును. వీనికి శుక్రనాళికలని పేరు. ఈ నాళికల గోడలలో బీజకణములు విభజన చెంది శుక్రకణములగును. ఈ పనికి దేహపు వేడి కంటె రెండు మూడు డిగ్రీలు తక్కువ వేడి కావలెను. అందుచేతనే ప్రకృతి వృషణములను ఉదరమున దాచక వెలుపల సంచిలో వ్రేలాడదీసినది.

ఇక అల్ట్రాసౌండు స్కానింగు. ఇది ఎక్స్‌రే కాదు. దీనిలో కిరణముల వలన హాని లేదు. దిగుడుబావిలో నిలిచి కేక వేసినచో రాతిగోడ తాకి ఆ కేక తిరిగి వినవచ్చును. ఈ యంత్రమును అట్లే పనిచేయును. మనుష్యుని చెవి సెకనుకు 20,000 కంపనముల వరకే వినగలదు. వృషణములను చూచుటకు వాడు పరికరము సెకనుకు 70 లక్షలు మొదలు 150 లక్షల కంపనముల వరకు గల ధ్వనిని లోనికి పంపును. నీటిలో ఆ ధ్వని సాగిపోవును. మాంసమున కొంత తిరిగి వచ్చును. గట్టి వస్తువును తాకినచో బలముగా తిరిగి వచ్చును. ఆ ప్రతిధ్వనులను యంత్రము బొమ్మగా మార్చును. నీరున్నచోట నలుపు, గట్టి పదార్థమున్నచోట తెలుపు. స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరపు వైద్యుడు ఇయాన్ డోనాల్డు 1958లో తన సహచరులతో కూడి ఈ పద్ధతిని ఉదరవ్యాధులను, గర్భస్థ శిశువును చూచుటకు ఉపయోగించి లోకమునకు వెల్లడించెను. తరువాత ఇది శరీరమందలి తక్కిన అవయవములకును వ్యాపించినది.

ఇట్లు చూచునపుడు కొందరి వృషణములలో, బూడిదరంగు నేలపై చల్లిన ఆవాల కంటె సన్నని తెల్లని చుక్కలు కనబడును. ఒక్కొక్కటి మూడు మిల్లీమీటర్లకు లోపుగనే యుండును. ఒక చిత్రమున అట్టివి ఐదుగాని, అంతకు మించిగాని కనబడినచో దానిని మైక్రోలిథియాసిస్ అందురు. అనగా సూక్ష్మమైన రాళ్ళు ఏర్పడుట. 1970లో నాలుగేండ్ల బాలుని ఎక్స్‌రేలో ఇట్టివి కనబడినట్లు వైద్యులు వ్రాసిరి. అల్ట్రాసౌండులో వీని స్వరూపమును 1987లో వర్ణించిరి. యంత్రములు సూక్ష్మతరములైన కొలది ఇవి ఎక్కువమందిలో కనబడుచున్నవి. వ్యాధి పెరిగినందున కాదు, యంత్రపు చూపు పెరిగినందున.

ఈ రేణువులు ఎట్లు పుట్టును? శుక్రనాళికలలో శిథిలమైన కణములు రాలి పేరుకొన్నపుడు, వాని చుట్టును ఎముకలయందుండునట్టి కాల్షియము, ఫాస్ఫేటు కలిసిన పదార్థము పొరలు పొరలుగా చేరును. మూత్రపిండములలోని రాళ్ళ వలె ఇవి కదలవు, దారి అడ్డగింపవు, సాధారణముగా నొప్పి కలిగింపవు. తాంబూలపు సున్నము చేతను, త్రాగిన పాల చేతను ఇవి ఏర్పడవు. వీనిని కరగించు మందు లేదు; కరగింపవలసిన అవసరమును లేదు. కరగింతుమని చెప్పి డబ్బు గుంజువారిని నమ్మరాదు.

సున్నము పేరుకొన్నదెల్ల ఒక్కటే కాదని కూడ తెలియవలెను. వృషణమునకు వెలుపల, సంచిలోని నీటి పొరలో ముత్యమువంటి గట్టి గుళికలు కొందరికి ఉండును, అవి నిరపాయములు. వృషణమును అంటియున్న నాళపు చుట్టలో పాత వాపుల వలన, ఒక్కొక్కప్పుడు క్షయ వలన, సున్నము చేరవచ్చును. అచ్చట చూడవలసినది ఆ మూలవ్యాధిని. వృషణము లోపల పెద్ద గడ్డవలె సున్నము పేరుకొని, దాని వెనుక నల్లని నీడ పడినచో అది వేరు సంగతి. దెబ్బ వలనను, పాత వాపు వలనను అట్లు కావచ్చును. అరుదుగా, పుట్టి తనంతట తానే మాడిపోయిన కంతి మిగిల్చిన గుర్తును కావచ్చును. అట్టిదానిని నిపుణుడు శ్రద్ధగా పరీక్షింపవలెను. సన్నని చుక్కలకు, పెద్ద గడ్డకు గల ఈ భేదమును కాగితమునుండి రోగి ఊహింపరాదు. వైద్యుని అడిగి తెలిసికొనవలెను.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ చుక్కలకును క్యాన్సరునకును సంబంధ మేమి?

సంబంధము లేకపోలేదు. వృషణ క్యాన్సరుతో వచ్చినవారిని స్కానింగు చేసి చూడగా, ఆరోగ్యవంతులలో కంటె వారిలో ఈ రేణువులు చాల ఎక్కువమందికి కనబడినవి. దీనికి కారణమును డెన్మార్కు దేశపు పరిశోధన కొంత వివరించుచున్నది. కోపెన్‌హేగెన్ నగరమున నీల్స్ స్కాకెబెక్ అను వైద్యుడు, సంతానము లేని పురుషుల వృషణములనుండి తీసిన తునకలను పరీక్షించి, క్యాన్సరు కంతిగా మారుటకు పూర్వమే శుక్రనాళికలలో దాగియుండు దుష్టకణములను 1972లో వర్ణించెను. తల్లి గర్భమునందే వృషణము సరిగా రూపొందకపోవుటయే దీనికి మూలమని తరువాత ఆయన ప్రతిపాదించెను. నాళికలు లోపభూయిష్ఠములైనచోట కణములు శిథిలమై రేణువులును ఏర్పడవచ్చును. బీజకణములు దారి తప్పి క్యాన్సరును పుట్టవచ్చును. అనగా రెండింటికిని నేల ఒక్కటి కావచ్చును. రేణువు క్యాన్సరునకు విత్తనము కాదు.

ఇచ్చటనే లోకము పొరబడుచున్నది. 'క్యాన్సరు గలవారిలో పెక్కురకు రేణువులున్నవి' అనుట ఒకటి; 'రేణువులున్నవారిలో పెక్కురకు క్యాన్సరు వచ్చును' అనుట మరియొకటి. మొదటిది నిజమైనంత మాత్రమున రెండవది నిజము కాదు. వరద వచ్చిన ఊరిలో కప్పలు అరచుచునే యుండును. అంతమాత్రమున కప్ప అరచిన ప్రతి ఊరికిని వరద వచ్చునని మూటలు కట్టుకొని మెరక కెక్కువారు లేరు గదా!

దీనిని లెక్కతో చూడవలెను. అమెరికా సైన్యపు శిక్షణ శిబిరమున 18 మొదలు 35 ఏండ్ల వయస్సుగల 1,504 మంది ఆరోగ్యవంతులైన యువకులను స్కానింగు చేసి, ఆ ఫలితములను 2001లో ప్రకటించిరి. వారిలో 84 మందికి, అనగా నూటికి 5.6 వంతున, ఈ రేణువులు కనబడినవి. ఈ లెక్కన లక్షమంది యువకులలో 5,600 మందికి రేణువులుండవలెను. ఆ దేశమున వృషణ క్యాన్సరు ఏటేట లక్షమంది పురుషులలో ఐదారుగురికి మాత్రమే వచ్చును. వేలెక్కడ, ఐదారెక్కడ? ఆ 84 మందిలో 63 మంది సమాచారమును ఐదేండ్లకు పైగా సేకరించి 2008లో మరల ప్రకటించిరి. ఒక్కనికి మాత్రమే క్యాన్సరు వచ్చినది. తక్కిన 62 మందికి రాలేదు. భారతదేశమున ఈ వ్యాధి ఇంకను అరుదు. ఏడాదికి లక్షకు ఒకరి కంటె తక్కువ.

ఈ లెక్కల ననుసరించియే వైద్యసంఘములు నియమము లేర్పరచినవి. 2015లో ఐరోపా ఖండపు మూత్రాంగ చిత్రణ నిపుణుల సంఘము, రేణువులు తప్ప మరి యే అపాయకారణమును లేనివానికి మరల మరల స్కానింగు అక్కరలేదని ప్రకటించినది. 2019లో అమెరికా మూత్రవ్యాధి నిపుణుల సంఘమును, కంతిగాని, ఇతర అపాయకారణముగాని లేనిచో రేణువుల వలన మాత్రమే అపాయము పెరుగదని, వేరు పరీక్షలు అనవసరమని చెప్పినది.

మరి జాగ్రత్త ఎవరికి అవసరము? రేణువులతో పాటు ఈ క్రింది వానిలో ఏదైన నొకటి యున్నవారికి. మొదటిది, పుట్టుకలో వృషణము సంచిలోనికి దిగకుండుట, లేక దానిని దింపుటకు శస్త్రచికిత్స జరిగియుండుట. రెండవది, ఇదివరకే ఒక వృషణమునకు క్యాన్సరు వచ్చియుండుట. మూడవది, తండ్రికిగాని, తోడబుట్టినవానికిగాని ఈ వ్యాధి వచ్చియుండుట. నాలుగవది, వృషణము కృశించి చిన్నదైయుండుట. ఇట్టివారు 55 ఏండ్ల వయస్సు వరకు ఏడాదికొకసారి వైద్యునిచేత స్కానింగు చేయించుకొనవలెనని ఐరోపా నిపుణుల సలహా. సంతానలేమికై పరీక్షలు చేయించుకొనుచు రేణువులు కనబడినవారును, తమ విషయమున ఏమి చేయదగునో ఆ వైద్యునే అడుగవలెను. కాగితమును పెట్టె అడుగున దాచినచో ప్రయోజనము లేదు.

పై నాలుగింటిలో మొదటిది తల్లులు ముఖ్యముగా ఆలకింపదగినది. నెలలు నిండి పుట్టిన మగశిశువులలో నూటికి ముగ్గురికి ఒకటిగాని, రెండుగాని వృషణములు సంచిలోనికి దిగియుండవు. పెక్కురకు మొదటి ఆరు మాసములలో అవి తమంతట దిగును. దిగనిచో 'పెద్దవాడైన కొలది అదే సర్దుకొనును' అని ఊరకుండరాదు. ఆరు మాసములు నిండిన పిమ్మట, ఏడాదిన్నర లోపల చిన్న శస్త్రచికిత్సతో దానిని దింపుట మంచిదని వైద్యుల నిర్ణయము. స్వీడను దేశమున ఇట్టి చికిత్స పొందిన 16,983 మంది చరిత్రను పరిశీలించి 2007లో ప్రకటించిరి. పదమూడేండ్ల లోపల చికిత్స జరిగినవారికి ఈ క్యాన్సరు సాధారణ జనుల కంటె రెండింతలు కొంచెము మించి వచ్చినది. ఆ వయస్సు దాటిన పిమ్మట జరిగినవారికి ఐదింతలు మించి వచ్చినది. చలికిని, భయమునకును పసివాని వృషణము పైకి ముడుచుకొనుట సహజము. కావున వెచ్చని నీళ్ళు పోయునపుడు చూడవలెను. అప్పుడును సంచి ఒక ప్రక్క ఖాళీగానున్నచో బిడ్డను వైద్యునికి చూపవలెను.

ఇక నిజముగా భయపడవలసిన గుర్తు లేవి? ఈ క్యాన్సరు ముసలితనపు వ్యాధి కాదు. పదునైదేండ్లు మొదలు నలువదేండ్ల లోపు వారికే ఎక్కువగా వచ్చును. తరచుగా మొదట నొప్పి యుండదు. వృషణమున గట్టి ముద్ద తగులుట, ఒక ప్రక్క బరువెక్కుట, వృషణము పెద్దదగుట - ఇవియే గుర్తులు. నొప్పి లేదు గనుక వ్యాధి లేదని తలచుట గొప్ప పొరపాటు. మరియొక పొరపాటు కలదు. కోస్తా జిల్లాలను బోదకాలు వ్యాధి చిరకాలము పీడించినది; దానితో వరిబీజమును వ్యాపించినది. అందుచేత సంచి వాచినంతనే వరిబీజమని ఇంటివారే నిర్ణయించి కాలము గడుపుదురు. వరిబీజము నీరు, నీటి చాటున గడ్డ దాగియుండవచ్చును. ఆ రెంటిని వేరుచేసి చూపగలది స్కానింగే. ఈ పనికి ఆ యంత్రము మిక్కిలి ఉపకారి. ఇందుకు భిన్నముగా, బాలునికి అకస్మాత్తుగా ఒక ప్రక్క భరింపరాని నొప్పి వచ్చినచో అది వృషణము మెలితిరుగుట కావచ్చును. అప్పుడు తెల్లవారు వరకు ఆగరాదు. ఆరు గంటలలోపల శస్త్రచికిత్స జరుగనిచో వృషణము దక్కుట కష్టము.

గడ్డ యున్నదని అనుమానము కలిగినపుడు వైద్యులు స్కానింగుతో పాటు కొన్ని రక్తపరీక్షలు చేయుదురు. క్యాన్సరని తోచినచో సంచిపై సూది గ్రుచ్చుటగాని, సంచిని కోయుటగాని చేయరు. గజ్జలో చిన్న కోత పెట్టి ఆ వృషణమును తొలగింతురు. రెండవ వృషణము ఆరోగ్యముగా నున్నచో పురుషత్వమునకు లోటు లేదు, సంతానమునకును సాధారణముగా లోటుండదు. మందులు మొదలుపెట్టుటకు పూర్వము వీర్యమును భద్రపరచు ఏర్పాటును కలదు.

ఒకప్పుడు ఈ వ్యాధి దేహమున వ్యాపించిన పిమ్మట పదిమందిలో ఒక్కడు బ్రతుకుటయే అరుదు. ఆ దుస్థితి మారిన చరిత్రలో తెలుగువారు తలచుకొనదగిన పేరొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వము వహించెను. ఆయన బృందము సిద్ధపరచిన మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. ఆయన 1948లో కీర్తిశేషుడయ్యెను. 1960లో న్యూయార్కున మిన్ చియు లీ అను వైద్యుడు, తన సహచరులతో కూడి, వ్యాపించిన వృషణ క్యాన్సరునకు మూడు మందులు కలిపి యిచ్చి కొందరిలో గుణము చూపెను. ఆ మూడింటిలో మెథోట్రెక్సేట్ ఒకటి. పిమ్మట మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయమున బార్నెట్ రోజెన్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడు సూక్ష్మజీవులపై విద్యుత్తును ప్రసరింపజేయుచు, ప్లాటినపు కడ్డీలనుండి వెలువడిన పదార్థము వాని విభజనను ఆపుచున్నదని 1965లో ప్రకటించెను. అట్లు వెలుగుచూచినదే సిస్‌ప్లాటిన్. 1974లో ఇండియానా విశ్వవిద్యాలయమున లారెన్స్ ఐన్‌హార్న్ దానిని మరి రెండు మందులతో కలిపి యిచ్చుట ప్రారంభించెను. మరణమునకు సిద్ధమైన యువకులు లేచి తిరుగజొచ్చిరి. ఈనాడు ఈ వ్యాధి వచ్చినవారిలో, అభివృద్ధి చెందిన దేశములలో, నూటికి 95 మంది గుణము పొందుచున్నారు. దూరమునకు వ్యాపించిన పిమ్మట వచ్చినవారిలోను పదిమందిలో సుమారు ఎనిమిదిమంది బ్రతుకుచున్నారు. క్రికెటు ఆటగాడు యువరాజ్ సింగునకు వచ్చినది ఈ జాతి బీజకణపు కంతియే. అయితే అది వృషణమున గాక రెండు ఊపిరితిత్తుల నడుమ పుట్టినది. 2012లో ఆయన ఇండియానాపొలిస్‌లో ఐన్‌హార్న్ యొద్ద చికిత్స పొంది, ఆ సంవత్సరముననే మరల ఆటస్థలమున దిగెను.

ఇంతటి చికిత్స యున్నపుడు, ఈ వ్యాధిలో ప్రాణము తీయునది తరచుగా ఆలస్యము. ఆలస్యమునకు మూలము సిగ్గు. కావున చేయదగిన దింతే: స్కానింగు కాగితమున ఆ పంక్తి కనబడినవాడు వైద్యునితో మూడు ప్రశ్నలు అడుగవలెను. గడ్డ యేమైన నున్నదా? తనకు చెప్పబడిన అపాయకారణములలో ఏదైన కలదా? మరల స్కానింగు అవసరమా? మూడింటికిని 'లేదు' అని సమాధానము వచ్చినచో ఆ కాగితమును మడిచిపెట్టి తన పని తాను చూచుకొనవచ్చును, పెండ్లి చేసికొనవచ్చును. 'కలదు' అని వచ్చినచో ఏడాదికొక పూట వైద్యునికి ఇచ్చిన చాలును. ఎట్లయినను, స్నానము చేయునపుడు అప్పుడప్పుడు తన వృషణములను తాను తడిమి చూచుకొనుట, గట్టి ముద్ద తగిలినచో వారము తిరుగకుండ వైద్యుని కలియుట మంచి అలవాటు.

గ్రంథాలయము జ్ఞానమునకు నిలయమందురు. ఒక వాక్యమును సగము చదివి భయపడువానికి తక్కిన సగమును చదివి వినిపించుటయే ఆ నిలయము చేయగల మేలు. 'క్యాన్సరుతో సంబంధము కలదు' అనునది సగము. 'ఆ సంబంధము ఎవరికి, ఎంత' అనునది తక్కిన సగము. ఈ ఊరి యువకులు రెండవ సగమును తెలిసికొని భయమును విడుతురు గాక! తల్లిదండ్రులు పసివారిని, అన్నలు తమ్ములను సిగ్గు విడిచి పరామర్శింతురు గాక!

స్వస్తి.